తిరుమల ఘాట్ రోడ్డుకు వింటర్ టైర్లు అవసరమా? అలాయ్ తీసి స్టీల్ చక్రాలు వేసుకునేటప్పుడు ఏమేమి సరిచూడాలి?

మీ స్విఫ్ట్ జడ్ఎక్స్ఐకి ఉన్న 15 అంగుళాల అలాయ్ చక్రాల్లో రెండు గుంతల్లో పడి పగిలాయని, వాటి స్థానంలో పాత సామాన్ల దుకాణంలో దొరుకుతున్న 14 అంగుళాల స్టీల్ చక్రాలు వేసుకోవాలనుకుంటున్నారని రాశారు. కెనడాలో ఉన్న మీ మేనల్లుడు చలికాలం రాగానే స్టీల్ చక్రాల మీద వింటర్ టైర్లు ఎక్కిస్తాడు కనుక, ధనుర్మాసంలో మంచుతో, తడితో ఉండే తిరుమల ఘాట్‌కు మనమూ అలాగే చేస్తే మంచిదా అని అడిగారు. వింటర్ టైర్లు ఇక్కడ వద్దు. స్టీల్ చక్రాలు మాత్రం నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, కానీ నాలుగు బోల్టు రంధ్రాలు సరిపోయినంత మాత్రాన చక్రం మీ కారుకు సరిపోయినట్టు కాదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మాంట్రియల్‌లో ఉండి తిరుపతికి తిరిగి వచ్చినవాణ్ణి కనుక రెండు చోట్లా చూసినది చెబుతాను.

మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు వింటర్ టైర్లు ఉండి తీరాలని చట్టమే ఉంది. దానికి కారణం రోడ్డు మీద పడే మంచు ఒక్కటే కాదు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చలి పెరిగేకొద్దీ బిగుసుకుపోయి, రోడ్డు పొడిగా ఉన్నా సరే, పట్టు కోల్పోతుంది. వింటర్ టైరు రబ్బరును సున్నాకు ఎంతో దిగువన కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దాని బ్లాకుల (రోడ్డును తాకే రబ్బరు దిమ్మల) నిండా వెంట్రుకల్లాంటి సన్నటి చీలికలు ఉంటాయి, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. అటువంటి టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు ముద్రించి ఉంటుంది. మన దగ్గర ఎస్‌యూవీ టైర్ల మీద తరచుగా కనిపించే 'ఎం ప్లస్ ఎస్' అన్న అక్షరాలను చూపించి ఇవి వింటర్ టైర్లేనని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ అక్షరాలు గాళ్ల ఆకృతిని బట్టి తయారీదారు తానే వేసుకునేవి, మంచు మీద పరీక్షించి ఇచ్చేది కొండ గుర్తు.

తిరుమల కొండ సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ధనుర్మాసపు తెల్లవారుజామున అలిపిరి దాటి పైకి వెళ్లేవారికి వణుకు పుడుతుంది, అద్దాల మీద మంచు పట్టి వైపర్లు వేయాల్సి వస్తుంది. కానీ అక్కడ రోడ్డు మీద నీరు గడ్డకట్టదు. మనం మంచు అని పిలిచేది పొగమంచు, దానివల్ల తగ్గేది చూపు. టైరు పట్టు తగ్గేది తడివల్ల, రోడ్డు మీద పేరుకున్న మట్టి, నూనె, రాలిన ఆకులవల్ల. ఈ రెంటికీ వింటర్ టైరు మందు కాదు. పైగా 25 డిగ్రీల వేడిలో తడి రోడ్డు మీద వింటర్ టైరు మామూలు టైరు కంటే ఎక్కువ దూరం వెళ్లి ఆగుతుంది, ఎందుకంటే ఆ మెత్తటి బ్లాకులు బ్రేకు పడగానే నిలవకుండా వంగుతాయి. మొదటి ఘాట్‌లో దిగేటప్పుడు వరుసగా వచ్చే మెలికల్లో ఆ మెత్తదనం ఇంకా ఎక్కువ తెలుస్తుంది, స్టీరింగ్ తిప్పినదానికి కారు కొంత ఆలస్యంగా స్పందిస్తుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంట వైపు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ రబ్బరు చూస్తుండగానే అరిగిపోతుంది. కెనడాలోనూ ఎండలు మొదలయ్యేసరికి అందరూ వాటిని విప్పి గ్యారేజీలో పెట్టేది ఇందుకే. మీ మేనల్లుడిని అడిగితే ఆయనా ఇదే చెబుతారు.

అక్కడివారి పద్ధతిలో మనం నేర్చుకోదగినది టైరులో కాదు, చక్రం ఎంపికలో ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పు అలాయ్ పైపూతను తినేస్తుంది, మంచు కింద గుంతలు కనిపించవు, ఏటా రెండుసార్లు రిమ్ము నుంచి టైరు ఊడదీసి ఎక్కించడం టైరు అంచుకు మంచిది కాదు. అందుకని చవకైన స్టీల్ చక్రాల జత ఒకటి విడిగా కొని వింటర్ టైర్లను శాశ్వతంగా వాటి మీదే ఉంచుతారు. చాలామంది ఆ జతను ఒక అంగుళం చిన్నదిగా తీసుకుంటారు. అప్పట్లో నేను నడిపిన హోండా సివిక్‌కు కంపెనీ ఇచ్చినవి 205/55 ఆర్16 టైర్లు, అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. చలికాలానికి నేను 15 అంగుళాల స్టీల్ చక్రాల మీద 195/65 ఆర్15 వేసుకునేవాణ్ణి. మొదటిదాని బయటి వ్యాసం దాదాపు 632 మిల్లీమీటర్లు, రెండోదానిది 634.5. రిమ్ము చిన్నదైనా టైరు గోడ ఎత్తు పెరగడంతో మొత్తం చక్రం పరిమాణం మారలేదు, స్పీడోమీటరు తప్పు చూపలేదు, ఎత్తైన గోడ గుంతల దెబ్బను తాను భరించింది. అదే సివిక్‌లో తక్కువ ధర రకానికి కంపెనీ స్వయంగా ఆ 15 అంగుళాల కొలతే ఇచ్చింది కనుక నాకు ఊహించుకోవలసిన పనే లేకపోయింది.

మీ స్విఫ్ట్ విషయంలోనూ అదృష్టవశాత్తు పరిస్థితి ఇదే. జడ్ఎక్స్ఐ మీద ఉండే 185/65 ఆర్15 టైరు వ్యాసం ఇలా వస్తుంది: 15 అంగుళాలు అంటే 381 మిల్లీమీటర్లు, 185లో 65 శాతం 120.25, అది పైనా కిందా రెండుసార్లు కలిపితే మొత్తం 621.5. కింది రకాలైన ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలకు కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14కు ఇలాగే లెక్కిస్తే 619.6 వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. కాబట్టి 14 అంగుళాలకు దిగాలనే మీ ఆలోచన సరైనదే. కానీ దుకాణంలో 14 అంగుళాల చక్రం అనగానే చేతికందిన 175/65 ఆర్14 ఎక్కించే వాళ్లున్నారు. దాని వ్యాసం 583 మాత్రమే, అంటే ఆరు శాతం తక్కువ. కారు నేలకు 19 మిల్లీమీటర్లు దిగిపోతుంది, స్పీడోమీటరు ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది, మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు అడుగు భాగాన్ని గీరుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు ఉన్న చోటికి వస్తాను. మన దుకాణాల్లో చక్రం సరిపోతుందా అని అడిగితే 'నాలుగు వంద' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాలుగు బోల్టులు, వాటి మధ్యగా గీసిన వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు అని దాని భావం, దీన్నే పీసీడీ అంటారు. స్విఫ్ట్‌కు అది 4×100, నిజమే. హోండా సిటీ, అమేజ్‌లలో చాలా వాటికీ అంతే. అయితే చక్రం మధ్యలో హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) మీద కూర్చునే పెద్ద రంధ్రం సుజుకీ చిన్న కార్లకు 54.1 మిల్లీమీటర్లు, ఈ హోండా కార్లకు 56.1. దీనివల్ల సుజుకీ చక్రం హోండా హబ్బు మీద ఎక్కనే ఎక్కదు, కానీ హోండా చక్రం సుజుకీ హబ్బు మీద చక్కగా ఎక్కినట్టే కనిపిస్తుంది, చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. మొదటి సందర్భంలో తేడా వెంటనే తెలిసిపోతుంది కనుక నష్టం లేదు. రెండోది ప్రమాదకరం.

చిత్తూరులో ఉండే మా బావగారి స్విఫ్ట్‌కు సరిగ్గా ఇదే జరిగింది. ఒక దుకాణదారుడు హోండా కారు నుంచి తీసిన స్టీల్ చక్రాలు బిగించి పంపాడు. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, తిరుపతి రహదారి ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ వణికేది. బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించారు, అలైన్‌మెంట్ చేయించారు, టైర్లే చెడ్డవేమోనని ముందువి వెనక్కి మార్చారు, వణుకు పోలేదు. చక్రం విప్పి వెర్నియర్ కాలిపర్‌తో మధ్య రంధ్రాన్ని కొలిచిన తరువాతే సంగతి బయటపడింది. హబ్బు పట్టుకోవలసిన చోట ఖాళీ ఉండటంవల్ల చక్రాన్ని నట్లు మాత్రమే మధ్యకు లాగాలి, ఒక నట్టు ముందు పూర్తిగా బిగిస్తే చక్రం అటు జరిగి ఉండిపోతుంది. బ్యాలెన్సింగ్ మిషను మీద ఆ చక్రం మధ్య రంధ్రాన్ని పట్టుకునే శంకువు మీద సరిగ్గా కూర్చుంటుంది కనుక అక్కడ ఏ లోపమూ కనిపించదు. ఖాళీని పూరించే హబ్ రింగులు దొరుకుతాయి కానీ, మారుతికి సంబంధించిన చక్రాలే అంత ధరకు దొరుకుతున్నప్పుడు రింగులతో సర్దుకోవడం అనవసరమని మా బావగారి చేత చక్రాలే మార్పించాను. వణుకు ఆ రోజుతో ఆగిపోయింది.

నట్ల సంగతి ఇంకా సూక్ష్మం. నట్టు ఎక్కే మర ఉన్న కడ్డీని స్టడ్డు అంటారు. సుజుకీ స్టడ్డు మర 12×1.25 (మందం 12 మిల్లీమీటర్లు, మర చుట్ల మధ్య దూరం 1.25), హోండా, టయోటా, హ్యుందాయ్‌లలో సాధారణంగా 12×1.5. పాత చక్రాలతోపాటు వచ్చిన నట్లు మీ కారుకు బిగించబోతే ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తాయి. అక్కడ ఆపకుండా నట్లు బిగించే గన్ను పెట్టి బిగిస్తే మర చెడిపోతుంది, తరువాత స్టడ్డే మార్చాల్సి వస్తుంది. నట్టు ఆనే అంచు ఆకారం కూడా చూడాలి. మామూలు స్టీల్ చక్రానికి శంకువు ఆకారపు అంచు కావాలి. హోండా కంపెనీ చక్రాలకు వచ్చే నట్ల అంచు గుండ్రంగా ఉంటుంది, టయోటా అలాయ్ చక్రాల్లో చాలా వాటికి కింద వాషరు ఉన్న చదునైన నట్లు వస్తాయి. ఆకారం కలవకపోతే నట్టు చక్రాన్ని సన్నని గీత మేరకే తాకుతుంది, కొంత దూరం వెళ్లాక వదులవుతుంది.

మిగిలినది ఆఫ్‌సెట్. చక్రం వెడల్పు మధ్యగీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య ఉన్న దూరం అది. చక్రం వెనుక 'ఈటీ' అన్న అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది. మీ కారు చక్రం మీద ఉన్న అంకె కంటే బాగా తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొచ్చి, కుటుంబమంతా ఎక్కినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. బాగా ఎక్కువైతే లోపలికి వెళ్లి షాక్ అబ్జార్బరుకు దగ్గరవుతుంది. కొద్ది మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కరలేదు.

అయితే ఇవన్నీ కొలవడానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీయండి. అలాయ్ చక్రాలతో అమ్మే కార్లలోనూ స్టెప్నీగా స్టీల్ చక్రం ఇవ్వడం మన దేశంలో మామూలే. అది 14 అంగుళాల స్టీల్ చక్రమే అయితే మీకు కావలసిన నమూనా మీ చేతిలోనే ఉన్నట్టు, ఎందుకంటే అది మీ హబ్బుకు, మీ బ్రేకులకు, మీ నట్లకు సరిపోతుందని కంపెనీయే హామీ ఇచ్చింది. దుకాణానికి దాన్ని తీసుకువెళ్లి దాని వెనుక ముద్రించిన వెడల్పు, ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం కొలతలతో అక్కడి చక్రాలను పోల్చి చూడండి. స్టెప్నీ 15 అంగుళాలదైతే, కొనే ముందు 14 అంగుళాల చక్రాన్ని టైరు లేకుండా ముందువైపు హబ్బుకు బిగించి చేత్తో తిప్పించండి. బ్రేకు కాలిపరుకు ఎక్కడా తగలకుండా తిరగాలి.

పాత స్టీల్ చక్రాల్లో వంకర ఉందేమో బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పి చూడాలి. అంచు మీద చిన్న సొట్ట ఉంటే సుత్తితో సరిచేయించుకోవచ్చు, స్టీలుకున్న సుగుణమే అది: దెబ్బ తగిలితే వంగుతుంది, అలాయ్‌లా చిట్లదు. బోల్టు రంధ్రాలు కోలగా అరిగి ఉన్నా, మధ్య భాగంలో వెల్డింగు గుర్తు కనిపించినా ఆ చక్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. పగిలిన మీ అలాయ్‌లను వెల్డింగు చేసి ఇస్తామని కూడా ఎవరో ఒకరు అంటారు. ఘాట్ ఎక్కి దిగే కారుకు ఆ పని చేయించకండి.

టైర్ల ఎంపికకు వస్తే, మనకు కావలసినది వానకు పనికొచ్చే టైరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాలను ఎలా ముంచుతాయో 2021 నవంబరులో తిరుపతి వీధులు చూసినవారికి చెప్పనక్కరలేదు. నిలిచిన నీటిని పక్కలకు తోసే వెడల్పాటి నిలువు గాళ్లు ఉన్న రకం చూసుకోండి. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల వరకు నడపవచ్చు కానీ, 3 మిల్లీమీటర్లకు చేరితే నేను వానాకాలానికి ముందే మార్చేస్తాను, ఎందుకంటే లోతు తగ్గేకొద్దీ వేగంలో టైరు నీటి మీద తేలే ప్రమాదం పెరుగుతుంది. కొలత పక్కనుండే లోడ్ ఇండెక్సు 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు, 88 అంటే 560 కిలోలు మోస్తుంది. డోరు దగ్గరి స్టిక్కరులో మీ కొలతకు రాసినదాని కంటే అది తగ్గకూడదు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో, తయారీ తేదీ ఎప్పటిదో చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైనదని అర్థం. నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే రెండు కొని కొత్తవాటిని వెనుక వేయించండి. ముందు చక్రాలే కారును లాగుతాయి కదా అని చాలామంది వాటికి కొత్తవి వేయిస్తారు, కానీ తడి మలుపులో వెనుక భాగం జారితే కారును అదుపు చేయడం చాలా కష్టం.

బిగించేటప్పుడు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చివర టార్కు రెంచితో (బిగింపు ఎంతో కొలిచే పానా) మాన్యువల్‌లో చెప్పినంత బిగించమనండి. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూపించండి, పాత చక్రాల మీద రంగు పొర ఉంటే అది నలిగి నట్టు వదులయ్యే అవకాశం ఉంది. చంద్రగిరి, కాణిపాకం వైపు ఒకసారి వెళ్లి వచ్చి, వణుకు, రాపిడి చప్పుడు లేవని తేలాకే ఘాట్‌కు వెళ్లండి. స్టెప్నీ వెనుక ఉన్న అంకెలు అర్థం కాకపోతే వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాయండి, దుకాణంలో చూపించిన చక్రాల మీద ఉన్నవి కూడా రాస్తే పోల్చి చెబుతాను.