మాటల కంటే ముందు రాగం విను

చిట్టితల్లీ,

ఆగస్టులో చదువుకి మా ఊరే వస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. అప్పుడే యాప్ పెట్టుకుని స్వీడిష్ మాటలు బట్టీ పడుతున్నావట. కొన్నాళ్లు అది పక్కన పెట్టి, ఊరికే విను.

ఈ భాష కొత్తవాళ్లకి పాటలా వినిపిస్తుంది. ఆ రాగంలోనే అర్థం కూడా ఉంటుంది. 'తొమ్తెన్' అన్నప్పుడు గొంతు ఒక్కసారి లేచి దిగితే ఇంటి స్థలం. రెండుసార్లు లేచి దిగితే క్రిస్మస్‌కి కానుకలు తెచ్చే తాత.

నీ నోటికి సగం పని ముందే వచ్చు. రాతలో 'ర' పక్కన త, ద, న, ల, స ఉంటే, ఇక్కడ రెండూ కలిసిపోయి ట, డ, ణ, ళ, ష అవుతాయి. పిల్లల్ని 'బార్న్' అని రాస్తారు, 'బాణ్' అంటారు. బల్ల 'బూడ్'. నా క్లాసులో చాలామందికి నాలుక మడతపడక అవస్థ పడ్డారు. మనం బాణం, గూడు అనుకుంటూ పెరిగినవాళ్లం కదా! దక్షిణాన స్కోనె వైపు మాత్రం 'ర' గొంతులోంచి వస్తుంది, అక్కడ ఈ ణకారం వినపడదు.

దీర్ఘాలు జాగ్రత్త. 'గ్లాస్' అంటే నీళ్లు తాగేది, 'గ్లస్స్' అంటే ఐస్‌క్రీమ్. మన ఆటకీ అట్టకీ ఉన్న తేడానే.

ఏడు అంకె ఒక్కటే నన్ను ఏడాది తిప్పలు పెట్టింది. స్వీడిష్‌లో ఆ మాట మొదట వచ్చే శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. పెదాలు గుండ్రంగా పెట్టి, దీపం ఊదినట్టు నాలుక వెనక నుంచి గాలి వదలాలి. రోజూ అద్దం ముందు చెప్పుకో.

ఇంకోటి. నేను వచ్చిన మొదటి చలికాలం, పక్కింటి పెద్దావిణ్ణి రేపు మంచు పడుతుందా అని అడిగాను. ఆవిడ పెదాలు ముడిచి 'ష్వుప్' అని గాలి లోపలికి పీల్చింది. ఊపిరి ఆడటం లేదేమోనని టెన్షన్ పడి, మంచినీళ్లు తేనా అన్నాను. అది 'అవును' అట. ఈ ఉత్తరాది ఊళ్లలో ఎక్కువగా వింటావు, కంగారుపడకు.

స్వీడిష్ రేడియోలో తేలిక భాషలో వార్తలు వస్తాయి. రోజూ ఐదు నిమిషాలు విని, మాటలు రాకపోయినా ఆ రాగాన్ని నోటితో అను. షాపులో నీతో ఇంగ్లిష్‌లోకి మారితే 'స్వెన్‌స్కా, తక్' అని నవ్వుతూ అడుగు. ఓపిగ్గా మాట్లాడతారు.

స్టేషన్‌కి నేనొస్తాను. బోర్డు మీద పేరు చూసి ఉమియా అనుకోకు. నెత్తిన చిన్న సున్నా ఉన్న అక్షరం ఇక్కడ 'ఓ'. మా ఊరు ఊమెయో.

నీ మామయ్య