జర్మనీకి గురువులను పంపే ముందు

క్రీస్తునాథునియందు ప్రియ సోదర గురువుకు,

జర్మనీ మేత్రాసనాల్లో (బిషప్పుల పరిధుల్లో) సేవకు వెళ్లే మన గురువులను, అంటే ఫాదర్లను, తయారుచేసే పని మేత్రాణులు (బిషప్పు) మీకు అప్పగించారని తెలిసి సంతోషం కలిగింది. వాళ్లకు ఏమేం నేర్పి పంపాలని మీరు అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

ముందు వాళ్లకు అక్కడి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పండి. మన ఊళ్లలో గుడి గంట మోగితే జనం వస్తారు. అక్కడ కథోలికుల్లో ఆదివారం పూజకు వచ్చేది నూటికి ఆరేడుగురు. 2023లో ఒక్క ఏడాదే 4,02,694 మంది శ్రీసభను (కథోలిక చర్చిని) వదిలేశారు. వదలడమంటే గుడికి రావడం మానడం కాదు, ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి సంతకం పెట్టి రావడం. ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం ఉండే శ్రీసభ పన్ను ఆ సంతకంతో ఆగిపోతుంది. అలాగని “డబ్బు కోసం దేవుణ్ణి వదులుకున్నారు” అని మనవాళ్లు తేల్చేయకూడదు. 1946 నుంచి 2014 వరకు ఉన్న అక్కడి శ్రీసభ దస్త్రాలు తిరగేసి 2018లో వెలువరించిన నివేదికలో, 1,670 మంది గురువులు తదితరుల చేతుల్లో లైంగిక హింసకు గురైన 3,677 మంది పిల్లల లెక్క తేలింది. ఆ గాయం ఇంకా మానలేదు. తెల్లకాలరు చూడగానే మన దగ్గర లేచి నిలబడతారు, అక్కడ కొందరు పిల్లల్ని దగ్గరకు లాక్కుంటారు. అందుకే ముద్దుగా బుగ్గ గిల్లడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, తలుపు మూసి ఒక్క బిడ్డతో మాట్లాడటం వంటివి ఇక్కడ ఉండగానే మాన్పించండి.

భాష దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. విచారణ (పారిష్) పనులు చూసుకుంటూ సాయంత్రాలు జర్మన్ నేర్చుకోమంటే రాదు. కనీసం ఎనిమిది నెలలు వేరే బాధ్యత ఏదీ పెట్టకుండా హైదరాబాదులో ఉంచి చదివించండి. గోతే సంస్థ పెట్టే జర్మన్ పరీక్షల్లో బీ1 కంటే పై మెట్టయిన బీ2లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కోదానిలో నూటికి 60 రావాలి. బీ1తోనే పంపేస్తే సమావేశాల్లో తల ఊపుతూ కూర్చుంటారు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడతారు. ఏడాది తిరిగేసరికి “ఈయనకు పట్టదు” అని పేరు పడిపోతుంది.

ఉచ్చారణకు రోజూ అరగంట వేరుగా పెట్టండి. మన నాలుక హల్లుతో ముగిసే మాటను ఒప్పుకోదు, బుక్‌ను బుక్కు చేసినట్టే, జర్మన్‌లో దేవుడు అనే ‘గొట్’ మాటను ‘గొట్టు’ చేస్తుంది. గుడిని పిలిచే ‘కిర్హె’ అనే మాటలోని ‘హ్’ను ‘ష్’ అని పలికితే ‘కిర్షె’ అవుతుంది, అంటే చెర్రీ పండు. నాలుక మధ్యభాగాన్ని అంగిలి దగ్గరకు లేపి, ‘హి’ అని గుసగుసగా అన్నప్పుడు వచ్చే గాలిని వదలమనండి. ఫోన్లో రికార్డు చేసి వాళ్లకే వినిపించండి. మనకు కలిసొచ్చేదీ ఒకటుంది: వాళ్లకూ నువ్వు, మీరు తేడా ఉంది. పెద్దవాళ్లు తామై చనువిచ్చేదాకా ‘జీ’ (మీరు) అనే పిలవాలి.

తర్ఫీదులో సగం శ్రద్ధ అంత్యక్రియల మీద పెట్టండని నా గట్టి మాట. ఏళ్ల తరబడి గుడి గడప తొక్కని కుటుంబం గురువు ఎదుట కూర్చునేది అప్పుడే. అంత్యక్రియల సంస్థవాళ్లు ఫోన్ చేశాక, గురువు ఆ ఇంటికి వెళ్లి గంటసేపు మాట్లాడతారు. “పూజకు వచ్చేవారా?” అన్న ప్రశ్న ఆ ఇంట్లో వేయకూడదు. ఏం పని చేసేవారు, తోటలో ఏం పెంచేవారు, ఎవరితో మాటలు తెగిపోయాయి, చివరి వారం ఎలా గడిచింది, ఇవి అడగాలి. చనిపోయినవారి పేరు, భార్య లేక భర్త పేరు ఎలా పలకాలో వాళ్ల నోటనే విని, కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసుకోవాలి. పేరు తప్పు పలికితే తర్వాత ఎంత మంచి ప్రసంగం చేసినా చెవికెక్కదు.

అక్కడ ఎక్కువమంది దహనమే కోరుకుంటారు, శ్రీసభ 1963 నుంచి దాన్ని అనుమతిస్తోంది. శవపేటిక బదులు చిన్న బిందెంత అస్థికల పాత్ర ఎదురుగా ఉంటుంది. మరణించిన కొన్ని వారాలకు పూడ్చడం వల్ల ఏడుపులూ వినిపించవు. మన కుర్రగురువులు ఆ నిశ్శబ్దాన్ని చూసి ప్రేమ లేదనుకుంటారు. సెమినరీ పెరట్లోనే ఒక పాత్ర పెట్టి తీర్థజలం చల్లడం, ధూపం వేయడం, మట్టి వేయడం, ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా నిలబడటం సాధన చేయించండి. ఆ నిమిషమే వాళ్లకు కష్టం. మూడు వారాలయ్యాక ఆ ఇంటికి ఒక ఫోన్ చేయాలి, నవంబరులో మృతుల స్మరణ పూజకు పిలవాలి.

ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటవద్దని ఫ్రాన్సిస్ జగద్గురువులే 2024లో అన్నారు. నెమ్మదిగా చదివితే అది జర్మన్‌లో దాదాపు 700 మాటలు. తెలుగులో రాసి యంత్రంతో అనువాదం చేయించవద్దు, వినేవాళ్లకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. చిన్న వాక్యాలతో నేరుగా జర్మన్‌లో రాసి, విచారణలో ఒకరిచేత దిద్దించుకుని, మూడుసార్లు పైకి చదవాలి. గొంతు పెంచితే తిడుతున్నారనుకుంటారు.

అక్కడి విచారణలో వేదశాస్త్రం చదివి జీతం మీద పనిచేసే మహిళ ఉండవచ్చు. ఆమెను మన ఊరి ఉపదేశిలా (గురువుకు సాయంగా మతబోధ చేసేవారిలా) పురమాయిస్తే మొదటి నెలలోనే చెడుతుంది. ఆమె తోటి ఉద్యోగి.

తూర్పు జర్మనీకి వెళ్లేవాళ్లకు మరోలా చెప్పాలి. అక్కడ చాలామంది శ్రీసభను వదిలినవాళ్లు కాదు, తాతల కాలం నుంచే జ్ఞానస్నానం ఎరగనివాళ్లు. కోపం లేదు, ప్రశ్న కూడా లేదు. ఎర్‌ఫుర్ట్ కథీడ్రల్లో 1998 నుంచి జ్ఞానస్నానం లేని 14 ఏళ్ల పిల్లలకు ఎదుగుదల వేడుక జరుపుతున్నారు. నెలల తరబడి వాళ్లతో కూర్చుని, వాళ్ల జీవితాల గురించి వాళ్ల చేతే చెప్పిస్తారు, మతం మారమని అడగరు. ఈ పద్ధతిని మనవాళ్లతో బాగా చదివించండి. జనాన్ని పోగుచేసి ప్రసంగించే మన ‘సువార్త కూటం’ అలవాటుకు ఇది మందు.

పంపేముందు శ్రీసభ చట్టంలోని 271వ కానన్ (సూత్రం) ప్రకారం ఇద్దరు మేత్రాణుల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలి. ఎన్నేళ్లు, జీతం, బీమా, సెలవు, తిరిగొచ్చే తేదీ అన్నీ అందులో రాయించండి. ఇంటికి ఎంత పంపాలో వెళ్లే గురువు ముందే కుటుంబంతో తేల్చుకోవాలి, లేదంటే చెల్లి పెళ్లికీ అన్న ఇంటికీ నెలనెలా ఫోన్లు వస్తూనే ఉంటాయి. మొదటి ఆరు నెలలు విచారణకర్తతో ఒకే ఇంట్లో, ఏ బాధ్యతా లేకుండా చూసి నేర్చుకునేలా అడగండి. ఒంటరి ఇంట్లో దింపితే తెలుగు యూట్యూబే తోడవుతుంది, జర్మన్ ఆగిపోతుంది.

ఈ ఏడాది పంపేవాళ్ల టికెట్లు నవంబరుకు తీసి ఉంటే మార్పించండి. అప్పుడు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, క్రిస్మస్ హడావుడిలో వాళ్లకు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఈస్టర్ దాటాక వెళ్లనివ్వండి.

ప్రార్థనలతో,
మీ సోదర గురువు