ఉలవల లెక్టిన్ చేస్తానంటున్న మా చిన్నదానికి

చిన్నీ,

ప్రాజెక్టు కోసం ఉలవల నుంచి యాంటీ-ఎ1 లెక్టిన్ (ఎ గ్రూపు ఎర్రకణాల్లో ఎ1 రకాన్ని ముద్దకట్టించి, ఎ2 రకం నుంచి విడదీసి చూపే గింజల ప్రోటీన్) తయారు చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా తర్వాత మనింట్లో బ్లడ్ బ్యాంకు పనిలో పడేది నువ్వేనన్నమాట, ఆ మాట పక్కింటావిడక్కూడా చెప్పేశాను. కానీ దాంతోపాటు ఆముదం గింజలు కూడా "ఓసారి చూద్దాం" అన్నావట. ఏం చూస్తావే? 1888లో స్టిల్‌మార్క్ అనే ఆయన ఎర్రకణాలు క్లంప్స్ కట్టడం గమనించింది ఆముదం గింజల సారంతోనే, కాదనను. కానీ అందులో ఉన్న రైసిన్ అనే విషానికి విరుగుడు లేదు, ఆ పొడి పీల్చినా ప్రమాదమే. మీ గైడ్ ఒప్పుకున్నా సరే, పెద్దమ్మ ఒప్పుకోదని చెప్పు.

ఉలవలైతే నిశ్చింతగా చెయ్యి. 1950ల మొదట్లో బర్డ్ అనే ఆయన వీటి గుణం బయటపెట్టింది మన దేశంలో పనిచేస్తూనే. పచ్చి ఉలవలు పొడి చేసి, నార్మల్ సెలైన్‌లో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకో. ఉడకబెడితే మాత్రం అది చారే, రియేజెంట్ కాదు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు సంగతి డైల్యూషన్, అంటే సారాన్ని ఎంత పలచన చెయ్యాలన్నది. ఈ లెక్టిన్ పట్టుకునేది కణం మీదుండే ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమిన్ అనే చక్కెరని. అది ఎ1 కణాల మీద ఎక్కువ, ఎ2 మీద బాగా తక్కువ, అంతేగానీ అసలు లేకపోలేదు. అందుకే చిక్కటి సారం ఎ2 కణాల్ని కూడా కాస్తో కూస్తో పట్టేస్తుంది. మేం పనిచేసే చోట ఒక సీనియర్ ఉండేవాడు, చెయ్యి మంచిదే, ఓపికే లేదు. సారం తీసి, ఎ1 కణాలతో ఒక్కసారి చూసి, "పనిచేస్తోంది" అని సీసా మీద తేదీ రాసి పెట్టేశాడు. ఒక రాత్రి కాన్పయిన అమ్మాయికి రక్తం కావాలన్నారు. ఫార్వర్డ్‌లో (ఆమె కణాల పరీక్షలో) ఎబి వచ్చింది, రివర్స్‌లో (ఆమె సీరం పరీక్షలో) చూస్తే ఆమె సీరం ఎ1 కణాల్ని క్లంప్ చేస్తోంది. ఎ2బి అయ్యుంటుంది, సీరంలో యాంటీ-ఎ1 యాంటీబాడీ ఉందేమో అని మాకందరికీ అనుమానమే. తీరా ఆ సీసాలో సారం వేస్తే ఆమె కణాలూ కట్టాయి. అయితే ఎ1బియే అని ఆ దారి వదిలేసి, శాంపిల్ మారిపోయిందని ఒకడు, కోల్డ్ యాంటీబాడీ (చల్లదనంలో కణాల్ని కట్టించేది) అని ఒకడు, వార్డు నుంచి ఫోన్ మీద ఫోన్. చివరికి ఎవరో అడిగారు, దీన్ని ఎ2 కణాలతో చూశారా అని. చూడలేదు. సెలైన్‌తో పలచన చేసి మళ్లీ వేస్తే ఆమె కణాలు కట్టలేదు, ఎ1 కంట్రోల్ (పోల్చడానికి పెట్టిన ఎ1 కణాలు) మాత్రం గట్టిగా కట్టింది. అంటే ఆమెది ఎ2బియే. బి గ్రూపు ప్యాక్డ్ సెల్స్ (ఎర్రకణాలు) క్రాస్‌మ్యాచ్ చేసి, అంటే ఆమె రక్తంతో సరిపోతాయో లేదో చూసి పంపాం, ఆ అమ్మాయి బతికింది. వాళ్లమ్మ ఆ బెంచీ మీద ఎంతసేపు కూర్చుందో తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

కాబట్టి ఎ1 గట్టిగా కట్టి, ఎ2 అస్సలు కట్టని డైల్యూషన్ దొరికేదాకా సీసా మీద పేరు రాయకు. బి, ఓ కణాలు కూడా పెట్టు, అవీ కట్టకూడదు. ప్రతి కొత్త ఉలవల లాటుకీ మళ్లీ మొదట్నుంచి, బద్ధకించకు (నీ బద్ధకం నాకు తెలుసు, ఎత్తుకుని పెంచినదాన్ని). అప్పుడే పుట్టిన పిల్లల రక్తంతో చూడొద్దు, వాళ్లలో ఎ1 ఇంకా పూర్తిగా తయారై ఉండదు, ఎ2 లాగా కనిపిస్తుంది. ఇక టిఎన్, క్యాడ్ అని అరుదైన కణాలున్నాయి, వాటిని ఈ లెక్టిన్ గ్రూపుతో పనిలేకుండా కట్టేస్తుంది. ఓ కణాలు కడితే కంగారుపడి సారం పారబోయకు, ఆ శాంపిల్ దాచి మీ సార్‌కి చూపించు.

పొద్దున ఏమన్నా తిని వెళ్లు. టైటర్ పట్టిక (ఏ డైల్యూషన్‌లో ఏ కణాలు ఎంత కట్టాయో రాసేది) అవగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను ముందు ఎ2 వరుసే చూస్తాను.

మీ పెద్దమ్మ