నువ్వు దాటేసిన రాట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లట్రెల్ సాల్టర్ గురించిన వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి: 1320–40 మధ్య ఇంగ్లండులో, లింకన్‌షైర్ దొర సర్ జెఫ్రీ లట్రెల్ చేయించుకున్న కీర్తనల పుస్తకం, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అంతా బాగానే ఉంది కానీ, ఆ వ్యాసం రాసిన నువ్వెవరో మాత్రం తెలియలేదు.

ఆ కీర్తనల పుస్తకంలో రాట్నం బొమ్మ ఉంది కదా. ఒకావిడ నిలబడి చక్రం తిప్పుతుంటే ఇంకొకావిడ ఉన్ని ఏకుతుంటుంది. ఒక్క వాక్యంలో దాటేశావు. మగ్గం గుంట పక్కన పెరిగినదానివి! మీ నాయనమ్మ కూర్చుని కండెలు చుట్టడం చూసిన నీకు, ఈవిడ నిలబడిందేమిటా అనిపించలేదా? అనిపించే ఉంటుంది. మన ఇంటి గోల ఇక్కడెందుకులే అని కొట్టేసి ఉంటావు.

కళాచరిత్రకారుడు మేయర్ షపిరో అలా కొట్టేయలేదు. 1904లో లితువేనియాలో యూదుల ఇంట పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్ చేరిన మనిషి, వామపక్షవాది. స్పెయిన్‌లోని సిలోస్ మఠంలో ఒక శిల్పం ఉంది. క్రీస్తు గాయాన్ని ఆయన శిష్యుడు తోమా వేలితో తాకి చూస్తుంటాడు. షపిరో చూపు పైమూలల్లో వాయిద్యాలు వాయిస్తున్నవాళ్ల మీద ఆగింది. మఠంలోకి ఊరి బతుకు చొరబడుతోందని 1939లో రాశాడు. తర్వాత కొందరు కాదన్నారు. కానీ ఆ మూలలకేసి చూడకుండా ఇప్పుడెవరూ వెళ్లలేరు.

అయితే ఒక సంగతి. అనుభవం ముంచుతుంది కూడా. అదే సాల్టర్‌లో కోత బొమ్మ ఉంది. కొడవళ్లతో వంగి కోస్తున్న ఆడవాళ్లలో ఒకామె లేచి నడుం పట్టుకుంటుంది. వరికోతల్లో మా అమ్మ అచ్చం అలాగే నిలబడేది. ఇంకేం, కూలీల గోడు అంటూ పది పేజీలు రాసి అచ్చేయించాను. వాళ్ల బట్టలు కూలీల బట్టల్లా లేవని చూడలేదు. గుర్రమెక్కిన దొర బొమ్మ పైన 'జెఫ్రీ లట్రెల్ ప్రభువు నన్ను చేయించాడు' అని పుస్తకమే లాటిన్‌లో చెబుతున్నా పట్టించుకోలేదు. ఆ పొలం పనులు దొర చూడాలనుకున్నట్టు గీసినవని తర్వాత కళాచరిత్రకారుడు మైకేల్ కమీల్‌ను చదివాక తెలిసింది. ఆయనా యార్క్‌షైర్ కార్మిక కుటుంబంలో పుట్టినవాడే! నా పది పేజీలను ఇప్పటికీ ఎవరైనా మెచ్చుకుంటే మాట మారుస్తాను.

నువ్వు రాట్నం దగ్గర మళ్లీ మొదలుపెట్టు. ముందు ఆ బొమ్మ ఫోన్లో మీ నాయనమ్మకు చూపించు. ఆవిడేమందో నాకూ రాయి.