సిలిండర్ అడుగున మిగిలేది బ్యూటేన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పాడేరులో మాకు టిఫిన్ సెంటర్ ఉంది. చలికాలం తెల్లవారుజామున సిలిండర్ ఊపితే లోపల గ్యాస్ ఉన్నట్టే తెలుస్తుంది, మంట మాత్రం పడిపోతుంది. సిలిండర్ కింది భాగానికి మంచు పేరుకుంటోంది. వేడినీళ్ల తొట్టిలో పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టకండి.

ఎల్పీజీ అంటే మూడు కార్బన్ల ప్రొపేన్, నాలుగు కార్బన్ల బ్యూటేన్ ప్రధానంగా కలిసిన ద్రవం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గర. అందుకే వాడుతున్నకొద్దీ ప్రొపేన్ తన వాటాకు మించి ముందే వెళ్లిపోతుంది, అడుగున బ్యూటేన్ పాలు పెరుగుతుంది. 10 డిగ్రీల చలిలో ప్రొపేన్ ఆవిరి పీడనం (మూసిన సిలిండర్లో ఆవిరి నెట్టే ఒత్తిడి) వాతావరణ పీడనానికి ఆరు రెట్లు, బ్యూటేన్‌ది ఒకటిన్నర రెట్లే. బయటి గాలి ఒత్తిడి తీసేస్తే గ్యాస్‌ను రెగ్యులేటర్లోకి నెట్టడానికి మిగిలేది ఆ అర మాత్రమే.

మంచుకు కారణం వేరు. కిలో ద్రవం ఆవిరి కావాలంటే సుమారు 370 కిలోజౌళ్ల వేడి కావాలి. అది సిలిండర్ ఇనుము నుంచి, మిగిలిన ద్రవం నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి రావాలి. ఏడు కిలోల గ్యాస్ మిగిలిన 14.2 కిలోల సిలిండర్లో, బయటి వేడి అందకపోతే, కిలో ఆవిరయ్యేసరికి దాదాపు 15 డిగ్రీలు చల్లబడుతుంది. ఇంటి పొయ్యి పెద్ద బర్నర్‌కు గంటకు 200 గ్రాముల లోపే చాలు కాబట్టి ఇళ్లలో ఈ బాధ అంతగా కనిపించదు. హోటల్ భట్టీలు అంతకు ఎన్నో రెట్లు లాగుతాయి.

చేయాల్సింది: 19 కిలోల వాణిజ్య సిలిండర్లు రెండు ఒకేసారి నడిచేలా డీలరు మెకానిక్‌తోనే బిగించండి. ఒక్కోదాని మీద భారం సగమవుతుంది. మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ (గ్యాస్‌ను ఒకే దిక్కుకు పోనిచ్చేది) తప్పనిసరి. లేకపోతే కొత్త సిలిండర్ ఆవిరి చల్లబడిన పాతదానిలోకి వెళ్లి మళ్లీ ద్రవమైపోతుంది. గోనెసంచి చుట్టకండి. సిలిండర్ బయటికంటే చల్లగా ఉంది, దానికి గాలిలోని వేడే ఆధారం, గోనె దాన్నే ఆపేస్తుంది. పక్కకు పడుకోబెట్టడం మరీ ప్రమాదం: ద్రవమే పైపులోకి వస్తుంది, లీటరు ద్రవం 250 లీటర్ల దాకా గ్యాస్ అవుతుంది.

వేడినీళ్ల సంగతి. 14.2 కిలోల సిలిండర్లో 33.3 లీటర్ల చోటు ఉంటుంది, నిండా నింపినా ఐదో వంతు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ ద్రవం వ్యాకోచించడానికి. నీళ్లు మరీ వేడైతే లోపల పీడనం గబగబా పెరుగుతుంది, నిండు సిలిండర్ అయితే ద్రవం ఉబ్బి ఆ ఖాళీని మింగేస్తుంది.

ప్రశ్న: కాకినాడలో మా వీధికి పైపు గ్యాస్ వచ్చింది. పాత పొయ్యే వాడొచ్చా?

జవాబు: జెట్‌లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నని రంధ్రమున్న ముక్కులు) మార్చాకే. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్, ఒకే కార్బన్. ఘనమీటరుకు దాని వేడి ఎల్పీజీలో మూడో వంతు. తేలిక కాబట్టి వేగంగా బయటికొస్తుంది, అందువల్ల రంధ్రం మూడు రెట్లు అక్కర్లేదు. వ్యాసం సుమారు మూడో వంతు పెరిగితే సరిపోతుంది. పాత జెట్‌తో మంట చిన్నదవుతుంది, అంతే. పైపు గ్యాస్ జెట్ ఉన్న పొయ్యికి ఎల్పీజీ పెట్టడమే అసలు ప్రమాదం: గ్యాస్ ఎక్కువై గాలి చాలదు, మంట పసుపెక్కి గిన్నెలకు మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మీథేన్‌కు తన ఘనపరిమాణానికి తొమ్మిదిన్నర రెట్ల గాలి చాలు, బ్యూటేన్‌కు 31 రెట్లు కావాలి.

లీకేజీ అలారం ఉంటే దాని చోటూ మార్చండి. ఎల్పీజీ గాలికంటే బరువు, నేలను పట్టుకుని ఉంటుంది. మీథేన్ పైకి లేస్తుంది. అలారం మీథేన్‌ను పసిగట్టే రకమేనా అన్నదీ చూసుకోండి.

ప్రశ్న: మామూలు బ్యూటేన్‌లాగే ఐసోబ్యూటేన్‌లోనూ నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లే. మరి మైనస్ 12 దగ్గరే ఎందుకు మరుగుతుంది? (ఇంటర్ విద్యార్థి, నల్గొండ)

జవాబు: ఐసోబ్యూటేన్ కార్బన్ గొలుసుకు పక్కకు ఒక కొమ్మ ఉంటుంది. కొమ్మ ఉన్న అణువు గుండ్రంగా ముడుచుకుంటుంది. పక్క అణువును తాకే చోటు తగ్గి ఆకర్షణ బలహీనమవుతుంది. ఐదు కార్బన్ల పెంటేన్లలో ఇది ఇంకా స్పష్టం: కొమ్మలు లేనిది 36 డిగ్రీల దగ్గర, ఒక కొమ్మది 28 దగ్గర, రెండు కొమ్మలది 9.5 దగ్గర మరుగుతాయి. పరీక్షలో ‘బంధాలు బలహీనం’ అని రాయకండి. మరిగేటప్పుడు కార్బన్ బంధం ఒక్కటీ తెగదు.

ప్రశ్న: హెక్సేన్‌లో బ్రోమిన్ రంగు పోకూడదు కదా, మా ల్యాబ్‌లో పోయింది. హెక్సేన్ కల్తీదా?

జవాబు: కావచ్చు, కానీ ముందు కిటికీని అనుమానించండి. ఎండ తగిలితే ఆల్కేన్‌లోనూ (హెక్సేన్‌లా కార్బన్ల మధ్య ఏకబంధాలే ఉన్నది) హైడ్రోజన్ స్థానంలో బ్రోమిన్ చేరుతుంది, హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువు వెలువడుతుంది. పరీక్షనాళిక మూతి దగ్గర తడి నీలి లిట్మస్ పట్టండి. ఎర్రబడితే ఆ పని వెలుతురుదే. నల్ల కాగితం చుట్టి, కొత్త నాళికలో రెండు మిల్లీలీటర్ల హెక్సేన్‌కు రెండు మూడు చుక్కల బ్రోమిన్ ద్రావణం వేసి మళ్లీ చూడండి. చీకట్లోనూ వెంటనే రంగు పోతే అప్పుడు సీసాలో ఆల్కీన్ (ద్విబంధం ఉండి బ్రోమిన్ రంగును పోగొట్టేది) కలిసిందనుకోవచ్చు. పనంతా ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ గూడు), గ్లోవ్స్‌తో చేయాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.