‘అంటు’కు పర్యాయపదాలు ఏరేటప్పుడు

అమ్మాయీ,

నువ్వు పంపిన పర్యాయపదాల పట్టిక చూశాను. ‘అంటు’ ఎదురుగా అతుకు, తగులు, హత్తు, జోడించు, కలుపు, సంధించు అన్నీ ఒకే వరసలో పెట్టావు. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కానీ ఆ వరసను నమ్మి ఎవరైనా ‘విరిగిన ఎముక అంటుకుంది’ అని రాస్తే ఆ పాపం పట్టికదే. ఎముక అతుక్కుంటుంది. అంటుకునేవి మసి, బంక, జబ్బు, నిప్పు.

ముందు ‘అంటు’నే విప్పి చూడు. దాని అడుగున ఉన్నది తాకడం. తాకితే వచ్చేది అంటువ్యాధి. ఎంగిలి తాకిన గిన్నెలు అంట్లు. తలకు నూనె పట్టిస్తే తలంటు. ఒక మొక్క కొమ్మను ఇంకో మొక్క కాండానికి ఆనించి బిగిస్తే అంటు కట్టడం. చెరువులో నీళ్ళు అడుగును తాకేదాకా తగ్గితే అడుగంటాయి. మనిషిని మనిషి తాకకూడదన్న దుర్మార్గానికి అంటరానితనమని పేరు వచ్చిందీ ఇందులోంచే. ‘అంటే’, ‘అంటూ’ మాత్రం ‘అను’ పిల్లలు, వాటిని ఇక్కడికి రానివ్వకు.

ఇప్పుడు ఈ వాక్యం చూడు: ‘కాగితం అంటించాడు.’ జిగురు రాశాడా, అగ్గిపుల్ల గీశాడా? చెప్పలేం. ‘గోడకు కాగితం అంటించాడు’ అంటే జిగురు. ‘కాగితానికి నిప్పంటించాడు’ అంటే మంట. తేడా అంతా ‘కు’ ఎక్కడ పడిందన్న దాంట్లోనే ఉంది. అందుకని ప్రతి మాట పక్కనా దాని విభక్తి రాయి. అతికించు, తగిలించు ‘కు’ అడుగుతాయి. ముడిపెట్టుకు ‘తో’, ‘కు’ రెండూ పడతాయి. కలుపు అయితే ‘లో’, ‘తో’, ‘కు’ మూడింటితోనూ నడుస్తుంది, అర్థం మాత్రం ప్రతిసారీ మారుతుంది: పాలలో నీళ్ళు, తీగతో తీగ, ఊరికి రోడ్డు.

తరవాత, రెంటినీ పట్టి ఉంచుతున్నదేమిటో అడుగు. జిగురైతే అతికించు. కొక్కెమో మేకో అయితే తగిలించు. దారమైతే గుచ్చు, కూర్చు, కుట్టు. గుంట చేసి రాయి కూర్చోబెడితే పొదుగు, పైన రేకు కప్పితే తాపడం, తడిమట్టి అయితే మెత్తు. చిల్లుపడిన బిందెకు మాటు వేస్తారు (దొంగ కోసం వేసే మాటు వేరు, దాన్ని ఇక్కడ చేర్చకు). పట్టి ఉంచేది ఏమీ లేకుండా తోడుగా పెట్టడమే అయితే జతచేయు, జోడించు. దరఖాస్తులో ‘ఫొటో అతికించండి’ అని ఉండాల్సిన చోట ‘జతపరచండి’ అని వేస్తే సగం మంది కవరులో విడిగా పెట్టి పంపుతారు. తప్పు వాళ్ళది కాదు.

సకర్మకం, అకర్మకం కలిపేయడం నీ పట్టికలో పెద్ద లోపం. ‘అతుకు’ దానంతటది జరిగేది, ‘జోడించు’ ఒకరు చేసేది. ఇవి పక్కపక్కన కూర్చోవు. అతుకు–అతికించు, తగులు–తగిలించు, చేరు–చేర్చు అని జంటలుగా రాస్తే గొడవ తీరుతుంది. ‘అంటు’ అయితే రెండు వైపులా పోతుంది: ‘మసి చేతికి అంటింది’, ‘దాన్ని అంటకు’. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువులో అ.క్రి. (అకర్మక క్రియ), స.క్రి. (సకర్మక క్రియ) అనే గుర్తులు ఉంటాయి, అవి దాటేసి అర్థానికి పరుగెత్తకు.

అనుమానం వచ్చిన మాటను ఈ అయిదు చోట్లా పెట్టి చూడు: గోడకు కాగితం, విరిగిన ఎముక, ఒకరినుంచి ఒకరికి జబ్బు, ఇంజనుకు బోగీ, మనసుకు మాట. బోగీని తగిలిస్తారు, అతికించరు. మాట మనసుకు హత్తుకుంటుంది. అదే మాట సందర్భానికి పొసగకపోతే అతకలేదంటాం. రెండు మాటలు కనీసం మూడు చోట్ల ఒకదాని బదులు ఒకటి నిలవకపోతే వాటిని ఒకే వరసలో ఉంచకు. ‘సంధించు’ ఈ పరీక్షలో అయిదు చోట్లా తప్పుతుంది. దానికి బాణాలూ ప్రశ్నలూ చాలు. ‘అనుసంధానం’ దాని చుట్టమే అయినా నదులకూ, బ్యాంకు ఖాతాలకూ అలవాటు పడిపోయింది, కాబట్టి దానికి వేరే వరస ఇవ్వు.

‘పట్టు’ను మాత్రం ఈ పట్టికలోకి లాగకు. దానికి విడిగా నాలుగు పేజీలు అట్టేపెట్టు.