జంతుహింసకు శిక్షలు పెంచితే ప్రయోజనం ఉంటుందా? నాగావళి రేవులో నా అనుభవం

శిక్షలు పెంచినంత మాత్రాన జంతుహింస ఆగుతుందా, ఉన్న చట్టాన్ని సరిగ్గా అమలు చేస్తే చాలదా అని మీరు అడిగారు. ఉన్న చట్టాన్ని అమలు చేయించాలని ఒకసారి పట్టుబట్టి తిరిగినవాణ్ణి కాబట్టి జవాబు రాస్తున్నాను. శిక్ష అంత చిన్నదిగా ఉండటమే అమలుకు అడ్డుపడుతోందని నాకు ఆ తిరుగుడులోనే తెలిసింది.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గరి పల్లె. 2019 వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం, నాగావళి రేవు నుంచి ఇసుక ఎత్తుకొని వస్తున్న రెండెడ్ల బండి గట్టు ఎక్కలేక నిలిచిపోయింది. బండి మనిషి తోక మెలిపెట్టాడు, కొన మీద మేకు దిగ్గొట్టిన ములుగర్రతో పొడిచాడు, చివరికి దాపటి ఎద్దు ముందుకాళ్ళ మీద కూలబడింది. నేనూ మరో ఇద్దరమూ వెళ్ళి కాడి దించి చూస్తే, మెడ మీద అరచేయంత పచ్చిపుండు, దాని మీద మడతపెట్టి ఉంచిన గోనెపట్టా చీముతో తడిసి ఉన్నాయి. పుండు ఉన్నట్టు తెలిసే దాన్ని కట్టాడన్నమాట. అడిగితే "ఏటి సేత్తాం బాబూ, బరువు తగ్గిత్తే బేరం పోద్ది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఎంత ఇసుక ఎత్తాలో నిర్ణయించేది అతను కాదు, కొనుగోలు చేసే వ్యాపారి.

పశువుల ఆసుపత్రి డాక్టరు గారు అదే సాయంత్రం వచ్చి, పుండు శుభ్రం చేసి కట్టుకట్టి, ఆ ఎద్దు కొన్ని వారాల పాటు పనికి పనికిరాదని రాసి ఇచ్చారు. ఆ కాగితంతో స్టేషనుకు వెళితే, ఇది తాము నేరుగా కేసు కట్టగలిగే నేరం కాదని, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేమని చెప్పారు. మొదట నేను దాన్ని తప్పించుకునే మాట అనుకున్నాను. తరువాత చట్టం తెప్పించి చదివితే వారు చెప్పింది నిజమేనని తేలింది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ కొట్టడం, మోయలేని బరువు వేయడం, పుండుపడిన పశువుతో పని చేయించడం, తిండీ నీళ్ళూ ఇవ్వకపోవడం వంటివన్నీ నేరాలేనని చక్కగా చెబుతుంది. కానీ మొదటి నేరానికి శిక్ష 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయలకు మించని జరిమానా మాత్రమే. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అవయవాలు నరకడం, క్రూరమైన పద్ధతిలో చంపడం, పందేలు ఆడించడం వంటి కొన్నింటిని మాత్రమే 31వ సెక్షన్ కాగ్నిజబుల్ నేరాలుగా, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టగలిగేవిగా, పేర్కొంది. అలా అవయవాలు నరికిన నేరానికి కూడా మొదటిసారి ఈ చట్టం కింద పడేది అదే 50 రూపాయలు. దీనికి తోడు 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే ప్రాసిక్యూషన్ మొదలుకావాలి. మా ఫిర్యాదు ఆ గడువుకు రెండు వారాల ముందు కోర్టుకు చేరింది. బండి మనిషి తప్పు ఒప్పుకున్నాడు, 50 రూపాయలు కట్టాడు. సాక్షిగా శ్రీకాకుళం వెళ్ళి రావడానికి నాకైన ఖర్చు అంతకంటే ఎక్కువ.

శిక్షాస్మృతిలో పెద్ద శిక్ష ఉందిగదా అని కొందరు అంటారు. నిజమే, పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు. అయితే ఆ సెక్షన్ ఆస్తినష్టం అనే భావన మీద నిలబడింది. ఒకరి పశువుకు మరొకరు హాని చేసినప్పుడు అది పనికొస్తుంది. తన ఎద్దును తానే పొడిచే యజమాని దగ్గరకు వచ్చేసరికి మనకు మిగిలేది 1960 చట్టమే. ఎద్దు బాధ ఎద్దుదేనని గుర్తించే చట్టం అదొక్కటే అయినప్పుడు, దాని శిక్ష ఇంత బలహీనంగా ఉండటాన్ని నేను ఒప్పుకోలేను. 2014 మే 7న జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా శిక్షలు భయం కలిగించేలా సవరించాలని పార్లమెంటును కోరింది. 2022 నవంబరులో కేంద్రం ఒక సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. జంతువును చంపితే ఐదేళ్ళ వరకు జైలు అందులోని ప్రతిపాదన.

పెంచడమంటే అందరినీ జైలుకు పంపడమని నా ఉద్దేశం కాదు. కుక్కపిల్లలకు నిప్పు పెట్టినవాడినీ, అప్పుచేసి ఎద్దులు కొన్న బండి మనిషినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటివాడికి జైలు ఉండాలి, పోలీసులు అదే రోజు కేసు కట్టగలగాలి. రెండోవాడి విషయంలో జరిమానా ఒక ఇసుక బేరం కంటే ఎక్కువై, అందులో ప్రధాన భాగం బరువు నిర్ణయించే వ్యాపారి మీద పడాలి. బండ్లకు కట్టే పశువుల గురించి 1965 నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి: రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు కట్టకూడదు, మేకు ఉన్న కర్ర వాడకూడదు. మా రేవులో ఆ రోజు ఈ రెండు చివరి నిబంధనలూ ఒకేసారి ఉల్లంఘన అయ్యాయి.

చట్టం మారేలోగా మీకు ఇటువంటిది ఎదురైతే, సమయం కనిపించేలా ఫోటో తీయండి, అదే రోజు పశువైద్యుని సర్టిఫికెట్ తీసుకోండి, మూడు నెలల గడువు మరవకండి. ఫిర్యాదులో 29వ సెక్షన్ పేరు తప్పక రాయండి. పశువు మళ్ళీ హింసకు గురయ్యే అవకాశం ఉందని చూపగలిగితే, శిక్షతో పాటు యజమాని నుంచి దాన్ని తీసివేసే అధికారం కోర్టుకు ఆ సెక్షన్ ఇస్తుంది. మా ఫిర్యాదులో ఆ మాట లేదు. జరిమానా కట్టిన వారానికే ఆ దాపటి ఎద్దు రేవులో అదే కాడి కింద నాకు మళ్ళీ కనిపించింది.